మైనస్ ముప్ఫై రెండు వేలు

ఒరేయ్ మిత్రమా,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. నాకు పడ్డ తిట్ల ముందు నీవెంత!

మా బాబాయి కొట్టుకు బిల్లుల ప్రోగ్రామ్ రాసిచ్చానని చెప్పాను కదా. రోజూ పొద్దున్నే విండోను సాగదీసుకోలేక చస్తున్నానని ఆయన గొణిగితే, మూసేటప్పుడు దాని కొలతలు రాసిపెట్టుకుని మర్నాడు అక్కడే తెరుచుకునేలా చేశాను. వారం తిరక్కుండానే ఫోను. "పట్టీలో బొమ్మ వస్తోందిరా, విండో మాత్రం రావడం లేదు" అని. ఆపి మళ్లీ పెట్టమన్నాను. మనకు తెలిసిన మొదటి మందు అదే కదా! తగ్గలేదు. చివరికి బండి వేసుకుని వెళ్లాను.

సెట్టింగుల ఫైలు తెరిస్తే ఎడమ అంచు -32000, పై అంచు -32000. విండోను కుదించినప్పుడు, అంటే మినిమైజ్ చేసినప్పుడు, విండోస్ దాన్ని తీసుకెళ్లి పడేసే చోటు అది. బాబాయి రాత్రిపూట విండోను కుదించేసి, టాస్క్‌బార్‌లోని బొమ్మ మీద కుడి మీట నొక్కి మూసేస్తాడట. నా కోడు ఆ సమయంలో, విండో ఇప్పుడెక్కడుందో చెప్పే గెట్‌విండోరెక్ట్‌ను అడిగింది, అది ఉన్నమాట చెప్పింది, మర్నాడు నా ప్రోగ్రామ్ బుద్ధిగా వెళ్లి అక్కడే తెరుచుకుంది. నిజం చెప్పు, అలా మూసి చూడాలని నీకైనా తట్టేదా?

అడగవలసింది గెట్‌విండోప్లేస్‌మెంట్‌ను. కుదించి ఉన్నా, తెరనిండా పరిచి ఉన్నా, మామూలుగా ఉన్నప్పటి కొలతలు అందులో భద్రంగా ఉంటాయి. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆ అంకెలను, విండోను చెప్పిన చోట పెట్టే మూవ్‌విండోకు ఇచ్చాను. నా విండోస్ 10లో టాస్క్‌బార్ పైన ఉంటుంది. తెరిచి మూసిన ప్రతిసారీ విండో 40 పిక్సెళ్లు పైకి జరగడం మొదలుపెట్టింది! ఆ కొలతలు టాస్క్‌బార్‌ను వదిలేసి లెక్కపెట్టినవి మరి, మూవ్‌విండో లెక్క మాత్రం తెర అంచు నుంచే. తీసుకున్న అంకెలను సెట్‌విండోప్లేస్‌మెంట్‌కే ఇవ్వాలి. విండో పూర్తిగా తెర బయట పడేలా ఉంటే అదే లోపలికి లాగుతుంది కూడా.

ఇంకో తప్పు ముందే చేశాను, నవ్వకు. 800 బై 600 విండో అడిగి, లోపల కూడా అంతే చోటుందనుకుని గీశాను. అంచులు, పైపట్టీ పోగా మిగిలింది 784 బై 561. తెగిపోయింది ఏ గీతో అయితే పోనీలే అనుకునేవాణ్ణి, సరిగ్గా "మొత్తం" అన్న వరుస! ఇప్పుడు లోపలి కొలత ముందు అనుకుని, బయటి కొలతను అడ్జస్ట్‌విండోరెక్ట్‌ఈఎక్స్‌తో లెక్క కట్టిస్తున్నాను. కొట్లో కుర్రాడు విండోను అగ్గిపెట్టెంత చేయకుండా కనీస కొలత కూడా పెట్టాను.

నీ లినక్స్‌లో విండోలను తెర మీద చూపించే వేలాండ్ అయితే విండో ఎక్కడుందో ప్రోగ్రామ్‌కు చెప్పనే చెప్పదట కదా. అదే నయమేమో, తెలిసి నేను ఉద్ధరించింది ఇది!

పండక్కి వచ్చేటప్పుడు మీ అటక మీది పాత మానిటర్ పట్టుకురా. విండోను రెండో తెర మీద ఉంచి మూసేసి, ఆ తెర పీకి మళ్లీ తెరిచి చూడాలి. బాబాయి కంటే ముందు మనమే చూస్తే మంచిది.

నీ
బిల్లుల గుమాస్తా