వెస్ట్ ఎండ్ అవెన్యూలో మా ఇంటిని నిలబెట్టినవాళ్లకి

పోయిన శుక్రవారం మా ఇంటి అమ్మకం పూర్తయింది. న్యూయార్క్‌లో, మన్‌హాటన్ అప్పర్ వెస్ట్ సైడ్‌లో, వెస్ట్ ఎండ్ అవెన్యూ మీద 1920ల్లో కట్టిన 15 అంతస్తుల బిల్డింగ్‌లో ఆరో అంతస్తు. అమ్మకానికి పెట్టినప్పుడు ప్రకటనలో మొదటి లైను "పూర్తిగా రెనొవేట్ చేసిన ప్రీవార్ క్లాసిక్ ఫైవ్" అని రాశారు. చూడ్డానికి వచ్చినవాళ్లు గోడలు తడిమి, ఫ్లోరు చూసి, ఎంత బాగా చేయించారండీ అన్నారు. అలా అన్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేసినట్టయింది. ఆ ఒక్క లైను వెనక ఎంతమంది ఉన్నారో నాకు, మా ఆయనకు తెలుసు. వాళ్లకి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకి అర్థమవుతుంది.

ఈ ఇళ్ల గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన బిల్డింగ్‌లని ఇక్కడ ప్రీవార్ అంటారు. ఎత్తైన సీలింగ్, పక్కింటి మాట వినపడనంత మందం గోడలు, చేపముల్లులా పేర్చిన ఓక్ చెక్క ఫ్లోరు. క్లాసిక్ ఫైవ్ అంటే హాలు, భోజనాల గది, వంటగది, ఒక బెడ్‌రూమ్, వంటగది పక్కన పనిమనిషి కోసం కట్టిన చిన్న గది. మేం భోజనాల గదిని మా పాపకిచ్చాం, చిన్న గదిని పూజగది చేసుకున్నాం. మాకంటే ముందున్న పెద్దాయన పోయాక ఆయన వారసులు ఇల్లు ఉన్నది ఉన్నట్టు అమ్మేశారు కాబట్టే అది మాకు అందే ధరకి వచ్చింది. లోపల ఇంకా పాతకాలం ఫ్యూజులే ఉన్నాయి. కిటికీ చెక్కల మీద రంగు ఎన్ని పొరలుందో లెక్కపెట్టలేం.

ఆ రంగు దగ్గరే మొదటి థ్యాంక్స్ చెప్పాలి. 2018లో పని మొదలుపెట్టే ముందు, ఇంట్లోనే ఉండి ఒక్కో గది చేయించుకుందాం, అద్దె కలిసొస్తుంది అనుకున్నాం. పాపకి అప్పుడు నాలుగేళ్లు. పిల్లల డాక్టరైన మా స్నేహితురాలు ఒకరోజు భోజనానికి వచ్చి, కిటికీ కింద రాలిన రంగు పెచ్చులు చూసి, తింటున్న చెయ్యి ఆపేసింది. సీసం కలిపిన రంగుల్ని ఇళ్లలో వాడకూడదని న్యూయార్క్ నగరం 1960లో నిషేధించింది. దేశమంతటికీ ఆ నిషేధం 1978లో వచ్చింది. మా బిల్డింగ్ నగరం నిషేధానికే ముప్పై ఏళ్ల పైమాటే ముందుది. ఆ పొరల్ని పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లల మెదడుకి ఎంత హానో ఆవిడ ఆ రాత్రి కూర్చోబెట్టి చెప్పింది. "పని జరిగినన్ని రోజులు పిల్లని ఈ గుమ్మం దాటి లోపలికి తీసుకురాకండి" అంది. మర్నాడే పాపకి రక్తపరీక్ష చేయించింది. రిపోర్టు బాగానే వచ్చింది. ఆ మాట ఆ రోజు ఆవిడ చెప్పకపోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

మరి ఎక్కడుండాలి? పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే అక్క, బావగారు మమ్మల్ని అడగనివ్వను కూడా లేదు. తోడబుట్టిన అక్క కాదు, మా ఊరు తెనాలి పక్క ఊరామె, అంతే. బేస్‌మెంట్ ఖాళీ చేసి, మంచాలు వేయించి, తాళాలు చేతిలో పెట్టింది. ఆరు నెలలనుకున్నది పదకొండు నెలలైంది. రోజూ పొద్దున్నే బావగారు మెట్రోపార్క్ స్టేషన్‌లో దింపేవారు, రాత్రి ఎంత ఆలస్యమైనా వచ్చి తీసుకెళ్లేవారు. ఒక్కరోజు కూడా "ఇంకెన్నాళ్లు?" అన్న మాట ఆ ఇంట్లో వినపడలేదు. అక్కా, నీ చేతి గోంగూర పచ్చడి తిని నా కూతురు కారం తినడం నేర్చుకుంది. నీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

పదకొండు నెలలు ఎందుకైందంటే, మొదటి కాంట్రాక్టర్ బాత్రూమ్ పగలగొట్టి, అడ్వాన్స్ తీసుకుని, సగంలో ఫోను ఎత్తడం మానేశాడు. అతను వదిలేసిన వారానికే, ఆదివారం రాత్రి, గోడలోని పాత ఇనప పైపు కీలు దగ్గర ఊడింది. నీళ్లు కింద ఐదో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ హాలు సీలింగ్‌లోంచి కారాయి. ఆవిడ పియానో మీద.

ఇక్కడ కో-ఆప్ పద్ధతి చెప్పకపోతే ఆవిడ చేసిన సాయం విలువ తెలియదు. కో-ఆప్‌లో మనం ఫ్లాట్ కొనుక్కోం. బిల్డింగ్ ఒక కంపెనీ. దాంట్లో షేర్లు కొంటే, ఆ ఫ్లాట్‌లో ఉండే హక్కు లీజు రూపంలో ఇస్తారు. గోడకి పని పెట్టాలన్నా ఆ కంపెనీని నడిపే బోర్డుతో ఒప్పందం రాసుకోవాలి. ఏ రోజుల్లో, ఏ టైముల్లో చెయ్యాలి, ఎన్ని రోజుల్లో ముగించాలి, దాటితే రోజుకి ఎంత జరిమానా, అన్నీ అందులో ఉంటాయి. కింది ఫ్లాట్ పాడైందని ఒక్క ఉత్తరం వెళితే బోర్డు మా పని అక్కడికక్కడే ఆపేయొచ్చు. ఆవిడకి ఆ హక్కు పూర్తిగా ఉంది. కానీ ఆవిడ ముందు మా సూపర్‌కి, అంటే బిల్డింగ్ బాగోగులు చూసే ఆయనకి, ఫోన్ చేసి పిలిపించారు, తర్వాత మాకు చేశారు. నేను ఎడిసన్ నుంచి పరుగెత్తుకొచ్చేసరికి రాత్రి పన్నెండు. తుడవడానికి తువ్వాళ్లు పట్టుకుని నేలమీద కూర్చున్నారు. నేను ఏడుస్తుంటే నాకే టీ పెట్టిచ్చారు. సీలింగ్ బాగుచేయించే ఖర్చు మా ఇన్సూరెన్స్ నుంచి వస్తుందని తెలిసేదాకా ఒక్క కాగితం కూడా ఎవరికీ పంపలేదు. పియానో మెకానిక్‌కి డబ్బులు మేమే ఇస్తామంటే, సగమే తీసుకున్నారు.

సూపర్ గారు కుటుంబంతో కిందే ఉంటారు. మాంటెనెగ్రో నుంచి వచ్చిన ఆయన ఆ రాత్రి మా లైను వాల్వు తిప్పితే అది తుప్పు పట్టి మూసుకోలేదు. మొత్తం నిలువు లైనే కట్టేసి, తెల్లారేదాకా బేస్‌మెంట్‌లో నిలబడ్డారు. తర్వాత నమ్మకమైన ప్లంబర్‌ని చూపించిందీ ఆయనే. బోర్డు ప్రెసిడెంట్ దగ్గరికి మాతో వచ్చి "వీళ్లు పారిపోలేదు, వీళ్లనే మోసం చేశారు" అని చెప్పిందీ ఆయనే. బోర్డు మాకు గడువు పెంచింది, జరిమానా వేయలేదు. వాళ్లకీ కృతజ్ఞతలు.

ఇక గోడలు. రెండో కాంట్రాక్టర్ పాత ప్లాస్టరంతా తీసేసి జిప్సం షీట్లు కొట్టేద్దాం, తొందరగా అయిపోతుందన్నారు. అప్పటికే మాకు ఓపిక లేదు, సరే అనేసేవాళ్లం. అదే సమయానికి మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. చేతివేళ్ల కణుపులతో గోడ తట్టుకుంటూ గదంతా తిరిగి, పెన్సిల్‌తో నాలుగైదు చోట్ల గీతలు గీసి, "ఇక్కడే డొల్లగా ఉంది, మిగతాదంతా రాయిలా గట్టిగా ఉంది" అన్నారు. మర్నాడు ఈక్వడార్ నుంచి వచ్చిన ప్లాస్టర్ మేస్త్రీ కూడా అలాగే తట్టుకుంటూ వెళ్లి, అవే చోట్ల ఆగారు. ఈయనకి స్పానిష్ రాదు, ఆయనకి తెలుగు రాదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. ఆ రోజు నుంచి పని అయ్యేదాకా నాన్నగారు రోజూ అక్కడే. డొల్ల చోట్లు మాత్రం తీసి, మూడు పూతలు పూసి, పై పూతలో సున్నం కలిపి తాపీతో అద్దంలా నునుపు చేశారు. సీలింగ్ అంచు డిజైను విరిగిన చోట, రేకు అచ్చు కోసి, తడి ప్లాస్టర్ మీద లాగి సరిగ్గా పాతదానిలాగే తెచ్చారు. ఎక్కడ అతుకుందో నాకే తెలియదు. కొన్నవాళ్లు చెయ్యి పెట్టి చూసి మురిసిపోయిన గోడలు అవే. మేస్త్రీగారూ, ఈ పోస్టు మీ అమ్మాయి మీకు చదివి వినిపిస్తానంది. నాన్నగారు మిమ్మల్ని ఇప్పటికీ అడుగుతారు.

ఇంట్లోకి తిరిగొచ్చిన తొలి చలికాలం, ఆవిరితో గదుల్ని వేడిచేసే రేడియేటర్లు రాత్రిళ్లు సుత్తితో కొట్టినట్టు మోగేవి. పాప భయపడేది. సూపర్ గారు వచ్చి, ఒక్క పైపులోనే ఆవిరి పైకొచ్చి, నీరు అందులోంచే కిందకి పోవాలని, రేడియేటర్ వాల్వు వైపు వాలకపోతే నీరు నిలిచి ఆవిరికి తగిలి ఆ చప్పుడొస్తుందని చూపించారు. అవతలి కాళ్ల కింద చిన్న చెక్కముక్కలు పెట్టారు. చప్పుడు ఆగిపోయింది. కింద ఆవిరి పుట్టించే ఈ బాయిలర్లు ఎందుకింత వేడి చేస్తాయని అడిగితే, 1918 ఫ్లూ తర్వాత చలిలో కూడా కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వమన్నారని, తెరిచినా ఇల్లు వేడిగా ఉండేలా ఆ రోజుల్లో పెద్దవి పెట్టారని చెప్పారు. 2020 ఏప్రిల్‌లో, సాయంత్రం ఏడింటికి ఆస్పత్రి సిబ్బంది కోసం వీధంతా చప్పట్లు కొడుతుంటే, మేం కిటికీలు తెరుచుకుని వెచ్చగా నిలబడి గిన్నెలు వాయించాం. కింద అదే వరసలో ఐదో అంతస్తు పెద్దావిడ కిటికీ. ఆవిడ ప్రతిరోజూ తల పైకెత్తి మా పాపకి చెయ్యి ఊపేవారు.

ఇప్పుడు నాన్నగారికి తోడు కావాలి, మేం తెనాలి దగ్గరలో ఉండాలి. అందుకే అమ్మాం. మా బ్రోకర్ వంటగది కిటికీ బిల్డింగ్ మధ్యలోని ఖాళీ స్థలం వైపే ఉంటుంది, వెలుతురు తక్కువ అని ప్రకటనలోనే రాశారు, దాచలేదు. లాయర్ గారు కొన్నప్పుడిచ్చిన షేర్ సర్టిఫికెట్ అసలు కాగితం జాగ్రత్త అని అప్పట్లోనే పదిసార్లు చెప్పడం వల్ల, క్లోజింగ్ రోజు, అంటే అమ్మకం ముగిసే రోజు, టెన్షన్ లేకుండా పోయింది. ఇద్దరికీ థ్యాంక్స్.

కొన్నది చిన్న జంట, ఆర్నెల్ల బాబు ఉన్నాడు. మా డాక్టర్ స్నేహితురాలు చేయించిన సీసం పరీక్షల రిపోర్టులన్నీ ఫైలు చేసి వాళ్లకిచ్చాను. ఐదో అంతస్తు పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేశాను. ఆవిడ బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని పియానో మూత తీశారు. పైకొచ్చాక రేడియేటర్ల కింద ఉన్న చెక్కముక్కలు చూపించి, రంగులేయించేటప్పుడు అవి తీయనివ్వొద్దని చెప్పి, తాళాలిచ్చి వచ్చేశాం.