ప్లాను మంజూరుకు ముందే నీడ లెక్క చూడండి

గౌరవనీయులైన పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఇంటికి దక్షిణాన పెద్ద భవనం లేచింది. అనుమతులన్నీ ఉన్నాయి, వదలాల్సిన ఖాళీ వదిలారు. అయినా చలికాలంలో మా ముందుగదికి ఎండ రావడం ఆగిపోయింది. పగలే లైటు వేసుకుంటున్నాం. కట్టినవారు నియమం తప్పలేదు కాబట్టి వాళ్ల మీద ఫిర్యాదు చేయలేను. ఆ నియమంలోనే ఎండ ఊసు లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ, లెక్కలో ఎత్తు, రోడ్డు వెడల్పు చూస్తారు. దిక్కు చూడరు. నీడకు మాత్రం దిక్కే ముఖ్యం. ఉదాహరణకు, న్యూయార్క్ ఉండే 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబర్ 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 27 డిగ్రీల ఎత్తు దాటడు. అప్పుడు 30 మీటర్ల భవనం నీడ ఉత్తరంగా 60 మీటర్లు సాగుతుంది. దక్షిణం వైపు పొరుగువారికి ఆ వేళ ఏ ఇబ్బందీ ఉండదు. ఇద్దరికీ ఒకే ఖాళీ వదిలితే సరిపోతుందని ఎలా అనుకుంటాం?

ఇంగ్లండులో 1832 చట్టం ప్రకారం ఒక కిటికీకి 20 ఏళ్లు అడ్డులేకుండా వెలుతురు అందితే అది హక్కవుతుంది. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి అది అక్కరకు రాదు. నిన్న డాబా మీద బిగించిన సోలార్ ప్యానెళ్లకూ రాదు. పైగా ఆ హక్కు కోసం ఎవరికి వారే కోర్టుకెక్కాలి.

జపాన్ 1976లో నీడనే కొలవడం మొదలుపెట్టింది. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజున, చాలా ప్రాంతాల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు, కొత్త భవనం నీడ సరిహద్దు దాటి ఎన్ని గంటలు పడవచ్చో అక్కడ పరిమితి ఉంది. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది, ఎందుకంటే లెక్క ముందే తేలిపోతుంది. ఇరుగుపొరుగు కొట్లాడుకునే పని ఉండదు.

ఎత్తైన భవనాలు వద్దని నేను అనడం లేదు. ఇళ్లు కావాలి, స్థలం తక్కువ, అది నాకూ తెలుసు. న్యూయార్క్ 1916లోనే పై అంతస్తులను మెట్లుమెట్లుగా వెనక్కి జరిపి కట్టించే నియమం తెచ్చింది. ఉత్తరం వైపు అలా తగ్గించినా చాలు.

దయచేసి ప్రతి ప్లానుతో పాటు చలికాలపు నీడ పటం తప్పనిసరి చేయండి. అది పొరుగువారికి చూపించి, అభ్యంతరాలు విన్నాకే మంజూరు చేయించండి. ఇప్పటికే పెట్టిన సోలార్ ప్యానెళ్లు ఆ పటంలో కనిపించాలి. మా ఇంటికి ఇక చేయగలిగింది లేదు. మా వీధిలో ఇంకా ఖాళీ స్థలాలున్నాయి, వాటికి ఉత్తరాన ఇళ్లున్నాయి. వాళ్లకోసమైనా ఈ సవరణ త్వరగా తీసుకురండి.

ఇట్లు,
ఎండ కోల్పోయిన ఒక ఇంటి యజమాని