తోట కాగితాలు బీరువాలోనే ఉండనీ

అంబాజీపేట

అమ్మలూ,

ఫోనులో అయితే మధ్యలోనే "సరేలే అమ్మా" అనేస్తావు, అందుకే కాగితం పట్టాను. అమలాపురంలో స్కానింగ్ సెంటర్ పెడతానంటే నాకు సంతోషమే. మీ నాన్న మాత్రం అప్పుడే కొబ్బరితోట దస్తావేజులు ముందేసుకుని కూర్చున్నారు. మళ్ళీ లోపల పెట్టించాను.

తోట తాకట్టు అక్కర్లేదు. 2000లో కేంద్ర ప్రభుత్వం, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ కలిసి సీజీటీఎంఎస్ఈ ట్రస్టు పెట్టాయి. తాకట్టూ పూచీదారూ లేకుండా చిన్న వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పుకి అది హామీ ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 కోట్లు. నీ అల్ట్రాసౌండు, డిజిటల్ ఎక్స్‌రే అందులో ఓ మూలకి వస్తాయి. చిన్న వ్యాపారంగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకి పైసా ఇవ్వకు. "తోట కూడా పెడితే పని తొందరగా అవుతుంది మేడమ్" అని మేనేజరు అంటాడు. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నదాన్నే, నవ్వి ఊరుకో.

కానీ ఆ హామీ బ్యాంకుకి, నీకు కాదు. నా సర్వీసులో ఒకాయన కిస్తీలు ఆపేసి, నా టేబుల్ ముందే కాలు మీద కాలేసుకుని, "గవర్నమెంటు గ్యారంటీ కదండీ, వాళ్ళే కట్టుకుంటారు" అన్నాడు. ట్రస్టు ఇచ్చేది బ్యాంకు నష్టంలో కొంత భాగమే, అదీ బ్యాంకు రికవరీకి కోర్టుకెక్కాకే. బాకీ మాత్రం ఆయన నెత్తిమీదే ఉంది, అప్పులు ఎలా కట్టామో చెప్పే సిబిల్ స్కోరు కూడా పాడైంది. ఏటా గ్యారంటీ ఫీజు ఉంటుంది, ఎక్కువగా అది మన ఖాతాలోంచే పోతుంది. దాన్ని ఖర్చుల్లో రాయించు.

నీకు అసలు చిక్కు వాయిదాల దగ్గర వస్తుంది. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని చోటికి అల్ట్రాసౌండు మెషిన్ అమ్మడానికే వీల్లేదు. ఎక్స్‌రేకి రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ అనుమతి కావాలి. ఈ కాగితాలు చేతికి రాకుండా లోను తీసుకున్నావంటే, ఖాళీ గదికి అద్దె, అప్పుకి వడ్డీ కట్టుకుంటూ కూర్చోవాలి. దరఖాస్తులు ముందు పెట్టు. మారటోరియం, అంటే కిస్తీలు మొదలవక ముందిచ్చే గడువు, మెషిన్ బిగించిన రోజు నుంచి లెక్కేసేలా శాంక్షన్ లెటర్లో రాయించుకో.

ప్రాజెక్టు రిపోర్టులో రోజుకిన్ని స్కాన్లని ఆడిటర్లు గాల్లో అంకెలేస్తారు. నీ దగ్గరికి నమ్మకంగా పంపే డాక్టర్లెవరో రాసుకుని, ఆ లెక్క నువ్వే కట్టు. ఆర్ఎంపీలకి కమీషన్లిచ్చి కేసులు తెచ్చుకునే మాట మాత్రం వద్దు. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే అది తప్పు, పైగా ఒకసారి మొదలెడితే రేటు పెంచుకుంటూ పోతారు.

సీటీ స్కాన్ మెషిన్ తర్వాత చూద్దాం. దాని ఎక్స్‌రే ట్యూబు పోతే లక్షలు. మన ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకి, కరెంటు ఆటలకి ఏసీ, యూపీఎస్ మొదటి అంచనాలోనే ఉండాలి.

ఆదివారం వచ్చేటప్పుడు రెండు కంపెనీల కొటేషన్లు పట్టుకురా. వారంటీ అయ్యాక ఏఎంసీ, అంటే ఏటా మెషిన్ నిర్వహణ ఒప్పందం, ఎంతో విడిగా రాయించు, అది చెప్పకుండా దాటేస్తారు.

మీ అమ్మ