నాన్నగారికి, బుజ్జి విషయమై

లీడ్స్,
2025 నవంబరు 9.

పూజ్యులైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు, అమ్మ, తమ్ముడు క్షేమమని తలుస్తాను.

మొన్న పౌర్ణమి నాడు గుడిలో 365 వత్తులు వెలిగించి వచ్చిన అమ్మ, ఫోనులో మన కుక్కపిల్ల బుజ్జి పోయిన మాట రాగానే గొంతు పెగలక ఫోను మీ చేతికిచ్చింది. అప్పుడు మీరు అన్న మాట ఈ నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. "పోనీలేమ్మా, మొదటి రోజే పెరుగన్నం పెట్టడం నాదే తప్పు, పిల్లదానికి పడలేదు, ఇక దాన్ని అమ్మిన మనిషితో తగవెందుకు" అన్నారు. నాన్నగారూ, ఆ తప్పు మీది కాదు. మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు ఇది. బుజ్జికి వైద్యం చేసిన డాక్టరుగారితో శుక్రవారం అరగంట సేపు మాట్లాడి, తమ్ముడు పంపిన కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు చూసి రాస్తున్నాను. తప్పు మీది కాదన్న నమ్మకం మీకు కలిగితే తప్ప కుక్కలను పెంచి అమ్మే ఆ బ్రీడరుకు ఇవ్వడానికి ఈ ఉత్తరంతో పంపుతున్న నోటీసు మీద మీరు సంతకం చేయరని నాకు తెలుసు కనుక, ముందు ఆ సంగతే రాస్తాను.

మీరు ముప్పై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు. ఈ లెక్క కూడా మీరే వేసి చూడండి. మీరూ తమ్ముడూ విజయవాడ వెళ్లి బుజ్జిని గుంటూరు బ్రాడీపేటలోని మన ఇంటికి తెచ్చింది నాగుల చవితి మరునాడు, అక్టోబరు 26, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు. సోమవారం రాత్రి 9.40కి మన ఇంటి గ్రూపులో మీరే రాశారు: "బుజ్జి సాయంత్రం నుంచి ఏమీ ముట్టలేదు, మూల పడుకుంది." అంటే అది మన ఇంటికి వచ్చి ముప్పై మూడు గంటలైనా కాలేదు. మంగళవారం రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. బుధవారం తెల్లవారుతూనే వాంతులు, మధ్యాహ్నానికి రక్తంతో విరేచనాలు మొదలయ్యాయి. ఆ వానలోనే దాన్ని తువ్వాలులో చుట్టుకుని మీరు ఆటోలో తీసుకువెళితే పరీక్షలో పార్వో అని తేలింది. పార్వో వైరస్ కుక్కపిల్ల ఒంట్లో చేరాక జబ్బు పైకి కనిపించడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, కొన్నింటికి రెండు వారాల దాకా కూడా పడుతుంది. ముప్పై మూడు గంటల్లో తిండి మానేసిన పిల్ల ఆ వైరస్‌ను మన గడప లోపల తెచ్చుకుందంటే లెక్క ఎలా కుదురుతుంది? అది మీ ఒడిలో కూర్చుని వారధి దాటేటప్పటికే దాని కడుపులో ఆ జబ్బు ఉంది.

పెరుగన్నం వల్ల అని ఒకసారి, తుఫాను చలి వల్ల అని ఒకసారి ఆ బ్రీడరు మీతో అన్నాడు. పార్వో ఆ రెండింటి వల్లా రాదు. జబ్బు చేసిన కుక్క మలంలో ఉండే వైరస్ నేల మీదనో, గిన్నెల మీదనో, మనుషుల చెప్పుల మీదనో ఉండి మరో కుక్క నోట్లోకి చేరడం వల్ల వస్తుంది. మన ఇంట్లో పదకొండేళ్లుగా కుక్క లేదు. తిండి మారితే కుక్కపిల్లలకు విరేచనాలు అవుతాయన్నది నిజమే కాని, దానికి తెల్ల రక్తకణాలు పడిపోవు. బుధవారం నాటి రిపోర్టులో బుజ్జి తెల్లకణాలు 1,900 ఉన్నాయి. ఆరు వేలకు పైన ఉండవలసినవి. ఈ వైరస్ పేగుల లోపలి పొరనూ, ఎముకల మజ్జనూ ఒకేసారి దెబ్బ తీస్తుంది కనుక అలా జరుగుతుంది. ఇక సోమవారం తెల్లవారుజామున అది పోయే వరకు, అయిదు రోజులూ ఉదయం సాయంత్రం సెలైనుకు తీసుకువెళ్లిన మీరు ఆలస్యం చేశానని ఎలా అనుకుంటారు? సకాలంలో వైద్యం అందితే ఎన్నో పిల్లలు బతికే జబ్బు ఇది. మన బుజ్జి మరీ చిన్నది, తట్టుకోలేకపోయింది. డాక్టరుగారు నాతో అన్న మాట ఇదే.

ఆయన ఇచ్చిన టీకాల కార్డు ఫొటోను పెద్దది చేసి చూశాను. టీకా సీసా మీది స్టిక్కరు అంటించవలసిన గడిలో స్టిక్కరు లేదు. బాల్ పెన్నుతో టీకా పేరు మాత్రం రాసి ఉంది. తేదీలో 20 అన్న అంకె కింద మరో అంకెను దిద్దినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. సంతకం ఉంది గాని, డాక్టరు ముద్ర లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఆ కార్డును మడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రపరచండి. ఒకవేళ అక్టోబరు 20న నిజంగానే టీకా వేశారనుకున్నా, మన వాదానికి నష్టం లేదు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంత కాలం ఆ వయసు పిల్లల్లో టీకా సరిగా పని చేయదు. అందుకే పదహారు వారాల వయసు వచ్చే దాకా మూడు నాలుగు వారాలకొకసారి టీకా వేస్తూ పోతారు. "కొత్తగా వేసిన టీకా వల్లే పరీక్షలో పాజిటివ్ వచ్చింది" అని కూడా రేపు ఆయన వాదించవచ్చు. టీకా వేసిన కొద్ది రోజుల్లో పరీక్షలో సన్నని గీత కనిపించే అవకాశం ఉన్న మాట వాస్తవమే. కాని రక్త విరేచనాలు, ఆ తెల్లకణాల సంఖ్య టీకా వల్ల వచ్చేవి కావు. అందుకని డాక్టరుగారిని కేసు షీటుతో పాటు, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో, రక్తపరీక్షలో ఏమి తేలిందో, మరణానికి కారణమేమిటో రాసి ముద్ర వేసిన ధ్రువపత్రం ఒకటి ఇవ్వమని కోరాను. మంగళవారం తమ్ముణ్ణి పంపమన్నారు.

అసలు ఆ పిల్లను ఆ వయసులో అమ్మడమే నిబంధనలకు విరుద్ధం. ఆయన వాట్సాప్‌లో మనకు పంపిన ప్రకటనలో "45 రోజుల లాబ్రడార్ పిల్లలు, సిద్ధంగా ఉన్నాయి" అని తానే రాసుకున్నాడు. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద 2017లో కుక్కల పెంపకానికి, విక్రయానికి కేంద్రం చేసిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను బ్రీడరు అమ్మకూడదు. అంటే 56 రోజులు. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద రిజిస్ట్రేషన్ ఉండాలి, పిల్లకు మైక్రోచిప్ వేయాలి, ఏ పిల్లను ఎవరికి అమ్మాడో రికార్డు ఉంచాలి. మన ఊళ్లలో 45 రోజులన్నది ఒక ఆచారంలా స్థిరపడిపోయింది కనుక మీకు గాని తమ్ముడికి గాని అందులో తప్పు కనిపించలేదు; నేను అక్కడ ఉన్నా నాకూ కనిపించి ఉండేది కాదు. కాని తల్లిని చూపించమని మీరు అడిగారు కదా, "తల్లి మా ఊళ్లో తోటలో ఉంది" అన్నాడట. అది విన్నప్పుడే నాకు గుండె జారింది. ఇక్కడ ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు కుక్కపిల్లలను మధ్యవర్తులు అమ్మడం నిషేధించారు. పుట్టిన చోటనే, తల్లి పక్కన ఉండగా చూపించి అమ్మాలి. పిల్లల్ని కనీ కనీ శిథిలమైపోయిన లూసీ అనే కుక్కను 2013లో రక్షించారు. ఆ నిబంధనను దాని పేరుతోనే పిలుస్తారు. తల్లిని చూపించలేని మనిషి దగ్గర ఆ పిల్ల ఎక్కడ పుట్టిందో, ఏ బోనులో ఏ జబ్బు కుక్క పక్కన ఎన్ని రాత్రులు గడిపిందో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు మిమ్మల్ని గట్టిగా కోరే మాట. "ఇంకో పిల్లను ఇస్తాను, నాలుగు వేలు కలిపి ఇవ్వండి" అని తమ్ముడితో ఆయన అన్నాడని విన్నాను. దయచేసి ఒప్పుకోవద్దు. అమ్మ మనసు కుదుటపడుతుందని మీకు అనిపించవచ్చు. నాకూ ఒక్క క్షణం అనిపించింది. కాని బుజ్జి తిరిగిన వసారాలో, పెరటి మట్టిలో ఆ వైరస్ ఇంకా బతికే ఉంటుంది. నీడ, తేమ ఉన్న నేలలో అది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉంటుంది. ఆయన దగ్గరున్న మిగతా పిల్లలకు ఇప్పటికే సోకి ఉండడానికీ ఎంతో అవకాశం ఉంది. రెండో పిల్లను తెచ్చి అదే మూలన పడుకోబెట్టి, అమ్మ మళ్లీ అదంతా చూడవలసి వస్తే నేను ఊహించుకోలేను. పైగా పిల్లను తీసుకుంటే తగవు తీరిపోయిందని ఆయన చెప్పుకోవడానికి వీలు కలుగుతుంది. కాబట్టి మనం అడగవలసింది పిల్లను కాదు, డబ్బును. అదీ నోటిమాటగా కాదు, కాగితం మీద.

మొత్తం 22,000లో అడ్వాన్సు 5,000 ఫోన్‌పేలో వెళ్లింది. 17,000 చేతికిచ్చాం, బిల్లు ఇవ్వలేదు. బిల్లు లేదని మీరు దిగులు పడ్డారు. "17 నగదుగా తెచ్చుకోండి, పిల్లకు స్నానం చేయించి ఉంచుతాను" అని శనివారం రాత్రి ఆయన పంపిన సందేశం తమ్ముడి ఫోనులో ఉంది. అదే మనకు రసీదు. ఆయన ఇప్పుడు మనల్ని బ్లాక్ చేసినా ఆ సందేశాలు మన ఫోనులోంచి పోవు. తమ్ముణ్ణి ఆ ఫోను మార్చవద్దని, చాట్ చెరపవద్దని చెప్పండి. ఇంకొక సంగతి గమనించాను: ఫోన్‌పేలో డబ్బు చేరిన ఖాతా పేరు, ఆయన మనకు చెప్పిన పేరు ఒకటి కావు. నోటీసులో రెండూ రాశాను. వైద్యానికి బిల్లులున్నవి 9,650. బిల్లు లేని మందుల ఖర్చు కలపలేదు. వెరసి 31,650 రూపాయలు, మన మనోవేదనకు పరిహారం వేరుగా కోరాను.

కోర్టు మెట్లెక్కడం మన ఇంటా వంటా లేదని మీరంటారని తెలుసు. నోటీసుకు ఆయన దారికి వస్తే ఎక్కవలసిన పని లేదు. రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం కొన్నవారు నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. కనుక మీరు విజయవాడ చుట్టూ తిరగనక్కరలేదు, మన గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషనే చాలు. అయిదు లక్షల లోపు లావాదేవీకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ల వెబ్‌సైటు ఈ-జాగృతిలో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, గడువు రెండేళ్లు. మొదట జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి అక్కడ కూడా ఫిర్యాదు నమోదు చేయమని తమ్ముడికి చెప్పాను. నోటీసును మాత్రం ఆలస్యం చేయవద్దు. బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకుకు 30 రోజుల లోపు డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడమూ ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతులే. మనకు ఆ 30 రోజులు ఈ నెల 25తో నిండుతాయి.

లోపమున్న సరుకు అన్న మాట నోటీసులో రాయవలసి వచ్చినప్పుడు నాకు చేయి ఆడలేదు. వీడియోలో మీ చెప్పు కొరుకుతూ, పిలిస్తే ఒక చెవి మాత్రం ఎత్తి చూసిన బుజ్జిని సరుకు అని ఎలా రాయను? కాని చట్టం దృష్టిలో అమ్మకానికి పెట్టిన జంతువు కూడా చరాస్తే కనుక, ఆ మాట వాడితేనే మన ఫిర్యాదు నిలుస్తుంది. మీరు చదివేటప్పుడు ఆ ఒక్క మాటకు నన్ను మన్నించండి.

పక్కింటి పిన్నిగారు మనవడికి సోకుతుందేమోనని భయపడుతున్నారట. కుక్కల పార్వో మనుషులకు రాదని చెప్పండి. అయితే వారి వీధిలోని కుక్కపిల్లలకు రావచ్చు కనుక వసారాను ముందు సబ్బునీళ్లతో బాగా కడిగించి, తరువాత ఒక వంతు బట్టల బ్లీచ్ ద్రవంలో ముప్పై వంతుల నీళ్లు కలిపి పోయించి, పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి కడిగించండి. మామూలు ఫినాయిలును నమ్ముకోవద్దు. బుజ్జి పడుకున్న గోనెపట్టాను కాల్చివేయండి. మెడపట్టీని అమ్మ దాచుకుందని తమ్ముడు చెప్పాడు. దాన్ని తీసేయమని ఆమెను అడగవద్దు, ఒక కవరులో మూటకట్టి అలమరలో పెట్టించండి, చాలు.

నోటీసు మూడు ప్రతులు పంపాను. చదివి, ఏ వాక్యమైనా నిజానికి మించి ఉందనిపిస్తే కొట్టివేసి నాకు చెప్పండి. అలా ఒక్క మాట ఉన్నా నాకు వద్దు. సంతకం చేసి బుధవారం లోపు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపించి, రసీదు ఫొటో తమ్ముడి చేత నాకు పెట్టించండి. ఆదివారం మీకు సాయంత్రం ఆరింటికి ఫోను చేస్తాను. అమ్మకు నా నమస్కారాలు.

మీ
పెద్దమ్మాయి