మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

కిడ్నీ జబ్బు ఉన్న పిల్లల కోసం పెట్టుకున్న మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నెలనెలా రెండో ఆదివారం నెల్లూరులో కలుస్తూనే ఉన్నాం. వానల వల్ల డిసెంబరు ఒక్కటే తప్పింది. జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం, కోశాధికారి గారు సభలో చదువుతారు. ఈ ఏడాది మనందరి నిద్ర చెడగొట్టిన విషయం గురించి మాత్రం కాస్త వివరంగా రాస్తున్నాను.

మన సభ్యురాలు ఒకరు రెండేళ్ల కిందట తన కిడ్నీని కొడుక్కి ఇచ్చారు. జూన్‌లో మామూలుగా చేయించిన రక్తపరీక్షలో అబ్బాయి క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 0.9 నుంచి 2.4కి ఎగబాకింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి పిల్లాడి జామెట్రీ బాక్సు కింద, పెట్టిన కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా రోజూ వేసుకోవాల్సిన తెల్లమాత్రలు వరుసగా దొరికాయి. వాటివల్ల మొహం ఉబ్బుతుంది. నోట్లో వేసుకున్నట్టు నటించి దాచేస్తున్నాడు. గట్టిగా అడిగితే ఏడ్చేశాడు: "మొహం ఇట్టా ఉబ్బిపోయిందమ్మా, ఇస్కూల్లో అందరూ పూరీ అంటుండారు."

వెంటనే ఆసుపత్రిలో చేర్చి, మూడు రోజులు సూదిమందు ఇచ్చారు. ఇప్పుడు 1.5 దగ్గర నిలిచింది, మునుపటి స్థాయికి రాలేదు.

సెప్టెంబరు సమావేశంలో మన రిటైర్డ్ బయాలజీ మాస్టారు, అమెరికాలో పిల్లల కిడ్నీ డాక్టరైన రిచర్డ్ ఫైన్ గురించి చెప్పింది అందుకే. పిల్లలకు డయాలసిస్ (కిడ్నీ చేయాల్సిన శుద్ధిని బయటినుంచి చేయడం), కిడ్నీ మార్పిడి చేయవచ్చా అని పెద్ద పెద్ద డాక్టర్లే సందేహపడుతున్న రోజుల్లో, 1960లలో, ఆయన లాస్ ఏంజెలెస్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఆ పని మొదలుపెట్టారు. కిడ్నీ జబ్బుతో ఎదుగుదల ఆగిపోయిన పిల్లలకు గ్రోత్ హార్మోన్ ఇచ్చి చూసిన పరిశోధనల్లోనూ ఆయనది పెద్ద పాత్ర. 1993లో అమెరికా ఆ మందును ఇలాంటి పిల్లలకు అనుమతించింది. మాస్టారు ఇదంతా చెప్పాక 1978 నాటి ఒక పరిశోధనపత్రం సంగతి ఎత్తారు. డాక్టర్ బార్బరా కోర్ష్‌తో కలిసి ఫైన్ రాసింది. కిడ్నీ మార్పిడి అయిన పిల్లల్లో కొందరు చెప్పాపెట్టకుండా మందులు మానేస్తున్నారనీ, వాళ్లలో ఎక్కువమంది యుక్తవయసు వాళ్లేననీ అందులో ఉంది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆ తల్లి, "అయితే నా బిడ్డ ఒక్కడే కాదన్నమాట" అంది.

ఆ మాత్రల విలువ తెలియాలని మాస్టారు ఇంకో సంగతి చెప్పారు. 1952లో పారిస్ నెకర్ ఆసుపత్రిలో 16 ఏళ్ల కుర్రాడికి తల్లి కిడ్నీ పెట్టారు. అది మూడు వారాలు పనిచేసి ఆగిపోయింది. కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందులు అప్పటికి లేవు. అతనికి లేనివీ మన పిల్లలకు ఉన్నవీ ఆ మాత్రలే.

అప్పటినుంచి చేసిందేమిటంటే, మార్పిడి అయిన ప్రతి పిల్లవాడికీ వారంలో రోజుకో గది ఉన్న మాత్రల డబ్బా ఇచ్చాం. ఇద్దరు సభ్యులు ఆ అబ్బాయి బడికి వెళ్లి హెడ్మాస్టరు గారితో, క్లాసు పిల్లలతో మాట్లాడారు. మొహం ఉబ్బితే డాక్టరుకి చెప్పండి, ఆయనే మోతాదు చూస్తారు. మీరుగా తగ్గించవద్దు.

డయాలసిస్ సంగతి. పది కిలోల బిడ్డను ఒక సెంటర్ నుంచి "ఇంత చిన్నపిల్లలకు చేయం" అని పంపేశారు. మనకు కోపం వచ్చింది, కానీ కారణం ఉంది. పిల్లల ఒంట్లో కిలోకి సుమారు 80 మిల్లీలీటర్ల రక్తం. అంటే ఆ బిడ్డ ఒంట్లో ఉన్నది ముప్పాతిక లీటరు పైచిలుకు. అందులో పదో వంతుకు మించి మిషన్ గొట్టాల్లో ఉండకూడదు. పెద్దవాళ్ల గొట్టాలు, ఫిల్టరు వాడితే అంతకంటే ఎక్కువ రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చి బీపీ పడిపోతుంది. చిన్నసైజు సరంజామా ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకుని పంపాల్సింది మనమే. ఆ పొరపాటు మళ్లీ జరగనివ్వం.

ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఒక కుటుంబం మిషన్ లేకుండా ఇంట్లోనే, బిడ్డ పొట్టలో నీళ్లు నింపి మార్చే డయాలసిస్ చేస్తోంది. అక్టోబరులో వాళ్లింటికి వెళ్లాను. ఆ బిడ్డ తల్లి ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, సంచిని కిటికీ కొక్కేనికి తగిలించింది. బయటికి వచ్చిన నీళ్ల సంచి వెనక పేపరు పెట్టి, అక్షరాలు కనిపిస్తేనే ఊపిరి పీల్చుకుంది. మసకగా ఉంటే ఇన్ఫెక్షన్ అని అర్థం. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆ శుభ్రత చూసి నేనే నేర్చుకున్నాను.

మిగతావి క్లుప్తంగా. డయాలసిస్ పింఛను 10,000 రూపాయల కాగితాలు, వైద్యసేవ కార్డులు, వెల్లూరు, చెన్నై ప్రయాణాల సాయం ఎప్పటిలాగే సాగాయి. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణతో, కిడ్నీ ఇవ్వడానికి అమ్మమ్మలు, తాతయ్యలు కూడా దగ్గరి బంధువుల కిందికే వస్తారు, ఇది చాలామందికి తెలియదు. మగపిల్లలకు మూత్రం ధార సన్నగా వస్తున్నా, ఏ పిల్లలకైనా మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తున్నా వెంటనే చూపించమని అంగన్‌వాడీల్లో చెప్పాం.

జూలైలో రొట్టెల పండుగకి ఆ అబ్బాయి తల్లి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుంది. కోరిక తీరితే వచ్చే ఏడాది తనే రొట్టెలు చేసి తెచ్చి పంచుతానంటోంది.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు పిల్లల్ని, వాళ్ల మాత్రల డబ్బాలను వెంట తీసుకురండి. ఆ పూట మందులు అక్కడే, అందరం కలిసి వేయిద్దాం.

– కార్యదర్శి