ఫ్యూటాన్ పరుపులో చెప్పిన సరుకు లేకపోవడంపై ఫిర్యాదు

కాకినాడ

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీరు పంపిన కాటన్-ఫోమ్ ఫ్యూటాన్ పరుపు లోపలి సరుకు, అమ్మకపు వివరాల్లో రాసినదానికి భిన్నంగా ఉండటం గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైటులో నేను కొన్న ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ఫ్యూటాన్ పరుపు, వాడకం మొదలైన కొద్ది నెలలకే నడుమ భాగంలో కుంగిపోయింది. పగలు దాన్ని సోఫాగా మడుస్తాం. రాత్రి పరిస్తే మా మామగారు పడుకుంటారు. నడుము నొప్పితో బాధపడే ఆ పెద్దాయనకు ఇప్పుడు కింది చెక్క బద్దలు ఒత్తుకుని నిద్ర పట్టడం లేదు.

కొనే ముందు మీ ప్రతినిధితో ఫోనులో వివరంగా మాట్లాడాను. మాది సముద్రపు గాలి తగిలే ఊరు కనుక అచ్చంగా దూదితో కుట్టిన పరుపు చెమ్మ పీల్చి గడ్డకడుతుందని, దాన్ని తరచూ ఎండలో వేసి, అవసరమైనప్పుడు ఏకించుకునే వీలు మా అపార్ట్‌మెంటులో లేదని చెప్పాను. బూరుగు దూది తేలికైనదే, చెమ్మనూ అంతగా పట్టదు. కానీ రోజూ ఒకేచోట మడత పడితే ఆ పీచు నలిగి పొడి అవుతుంది. కొబ్బరి పీచు పరుపు నడుముకు ఆసరా ఇచ్చినా మడతకు లొంగదు. ఇవన్నీ ఆలోచించుకున్నాకే, నడుమ నాలుగంగుళాల 40 డెన్సిటీ ఫోమ్, పైనా కిందా అంగుళం మందాన కొత్త దూది అని మీరు రాసిన రకాన్ని ఎంచుకున్నాను. మా అవసరానికి అది సరైన ఎంపికేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. వచ్చిన సరుకు మాత్రం అది కాదు.

పరుపు కుంగాక గలీబు జిప్పు తీసి చూశాను. 40 డెన్సిటీ అంటే ఘనమీటరు ఫోమ్ 40 కిలోలు తూగాలి. మీరు చెప్పిన కొలతల దిమ్మ ఎనిమిది ఘనపుటడుగులు, అంటే దాదాపు 0.226 ఘనమీటరు, కాబట్టి దాని బరువు 9 కిలోలు ఉండాలి. దిమ్మను చుట్టి తాడుతో కట్టి కాటాకు వేలాడదీస్తే 5 కిలోలే తూగింది. ఆ లెక్కన అది 22 డెన్సిటీ సరుకు. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ను కూడా కొత్తలో గట్టిగా ఉండేలా తయారుచేయవచ్చు గనుక, చేత్తో నొక్కి చూసిన కొనుగోలుదారుకు ఈ తేడా తెలిసే అవకాశమే లేదు. తేడా తెలిసేది వాడకంలోనే.

ఇక దూది సంగతి. పొరను విడదీస్తే బూడిదరంగు పీచు మధ్య ఎరుపు, నీలం దారప్పోగులు కనిపించాయి, ఒక మూల బనియను గుడ్డ పీలిక చేతికి వచ్చింది. పాత బట్టలు చీల్చి తీసిన పీచును కొత్త దూదిగా చెప్పి అమ్మడం, అందులోనూ మనుషులు రాత్రంతా ముఖం ఆన్చి పడుకునే వస్తువులో నింపడం, నాకు తీవ్రమైన బాధ కలిగించింది.

నా మొదటి ఫిర్యాదుకు, పరుపును ఎండలో వేసి తిప్పి వాడమని మీ సిబ్బంది జవాబిచ్చారు. ఆ సలహా దూది పరుపుకు పనికొస్తుంది. ఫోమ్ నేరుగా ఎండ తగిలితే పసుపెక్కి పెళుసుబారుతుంది. పరుపులు అమ్మే సంస్థ సిబ్బందికి ఇది తెలిసి ఉండాలి.

కాబట్టి, మీరు ప్రకటించిన సరుకుతోనే నింపిన పరుపును, ఫోమ్ బరువు రాతపూర్వకంగా ధ్రువీకరించి పంపండి. లేదా పూర్తి సొమ్ము వాపసు చేసి, పాత పరుపును మీ ఖర్చుతో తీసుకువెళ్లండి. అలాగే, మీ అమ్మకపు పేజీలో సాఫ్ట్, మీడియం, హార్డ్ అనే మూడు మాటలతో సరిపెట్టకుండా, ప్రతి పొరలో ఏముందో, దాని మందమెంతో, ఫోమ్ డెన్సిటీ ఎంతో, రోజూ మడవడానికి పనికొస్తుందో లేదో రాయండి. ఈ వివరాలు లేనిదే కొనేవారు తమకు తగిన పరుపును ఎంచుకోలేరు.

2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించవలసి ఉంది. గడువులోగా పరిష్కారం లభించకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు నకలు, మీ అమ్మకపు పేజీ ప్రతి, కాటా తూకం ఫోటోలు జతపరిచాను. గుడ్డ పీలికను, దూది నమూనాను భద్రపరిచాను. మీ ప్రతినిధి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు