చిట్టి విషయంలో మాకు తోడుగా నిలిచిన అందరికీ

పోయిన వారం మా కుక్క చిట్టిని సాగనంపాం. ఇంజెక్షన్ ఇప్పించి, మా ఒళ్లోనే. ఈ సంగతి మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. తెలిసిన దగ్గర్నుంచి ఫోన్లు చేసినవాళ్లు, ఇంటికి వచ్చి కూర్చున్నవాళ్లు ఎందరో. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడే ఓపిక ఇంకా రాలేదు. చెప్పకుండా ఉంటే మనసు ఊరుకోవడం లేదు. అందుకే అందరి ముందూ ఇలా రాస్తున్నాను.

ముందు మా డాక్టరమ్మ గారికి. చిట్టికి పదమూడేళ్లు నిండాక కిడ్నీలు పాడయ్యాయని రక్తపరీక్షలో తేలింది. రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగినట్టు కనిపించేసరికే కిడ్నీల పనితనంలో దాదాపు ముప్పాతిక వంతు పోయి ఉంటుందని ఆవిడ చెప్పినప్పుడు మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. దానికి తోడు వెనక కాళ్ల కీళ్లు అరిగిపోయాయి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. కీళ్ల నొప్పికి బాగా పనిచేసే మందులు కిడ్నీలకు పడవు. కిడ్నీల కోసం వాటిని ఆపితే పాపం అది లేచి నిలబడలేదు. ఆవిడ నొప్పికి గాబాపెంటిన్ అనే మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు, వాంతులకు వేరే మందు రాశారు, చర్మం కింద సెలైన్ ఎక్కించడం మాకే నేర్పించారు. రెండు భుజాల మధ్య వదులుగా ఉన్న చర్మాన్ని పైకి లాగి పట్టుకుని సూది గుచ్చాలి. ఎక్కించిన నీళ్లు కాసేపు భుజం దగ్గర ఉబ్బుగా నిలిచి, నెమ్మదిగా ఒంట్లోకి ఇంకిపోతాయి. మొదటిసారి నా చెయ్యి వణుకుతుంటే ఆవిడ నా చేతిమీద తన చెయ్యి వేసి గుచ్చించారు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రేదైనా వేయమని ఒకరు సలహా ఇస్తే, ఆవిడ గట్టిగా వద్దన్నారు. మనుషులు వాడే ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కల కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి, పిల్లులకైతే పారాసిటమాల్ విషమే. ఈ ఒక్క ముక్క అందరూ గుర్తుపెట్టుకోండి.

సెలైన్ మొదలుపెట్టాక కొన్ని వారాలు బాగానే గడిచాయి. గేటు చప్పుడైతే తల ఎత్తేది, తోక ఊపేది. ఆ తర్వాత మళ్లీ జారిపోవడం మొదలైంది. ఆపేద్దామా, ఇంకా చూద్దామా అని ఇంట్లో ఒకటే టెన్షన్. మావారు ఇంకొన్నాళ్లు చూద్దామనేవారు. మా అత్తయ్య, నోరులేని జీవాన్ని ఇంత బాధపెట్టకూడదనేవారు. మా అమ్మాయి ఆ మాట ఎత్తితేనే లేచి వెళ్లిపోయేది. నేను పొద్దున ఒక మాట మీద ఉంటే రాత్రికి ఇంకో మాట.

మీరే చెప్పండి డాక్టరు గారూ అని అడిగితే ఆవిడ తొందరపెట్టలేదు, తప్పించుకోనూ లేదు. మా చేతికి ఒక కాగితం ఇచ్చారు. పెంపుడు జంతువుల క్యాన్సర్ వైద్యురాలు డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ 2004లో తయారుచేసిన పట్టిక అది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా లేదా. ఈ ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. ఎంత బాగుంటే అన్ని మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకుంటూ కొనసాగించవచ్చని లెక్క. ఊపిరి సరిగ్గా ఆడకపోవడం కూడా నొప్పి కిందికే వస్తుంది. ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా వేయండి అన్నారు.

అలాగే వేశాం. సంతోషం దగ్గర నావీ మావారివీ మార్కులు కలవలేదు. ఆయన ఎక్కువ వేశారు, నేను తక్కువ వేశాను. నొప్పి దగ్గర మాత్రం, ఇంకొన్నాళ్లు చూద్దామన్న మనిషే అందరికంటే తక్కువ వేశారు. రాత్రుళ్లు దాని పక్కన పడుకున్నది ఆయనే. పడుకున్న చోట పట్టుమని పది నిమిషాలు ఉండకుండా లేవడం, నాలుగడుగులు వేసి గోడకు తల ఆనించి నిలబడటం, మళ్లీ పడుకోబోయి వెనక కాళ్లు మడవలేక ఆగిపోవడం, చల్లని వేళ కూడా రొప్పుతూ ఉండటం ఆయన చూశారు. చాన్నాళ్లుగా ఉన్న నొప్పికి కుక్కలు చాలావరకు అరవవు, ఇలాగే ఉంటాయని క్లినిక్‌లో కాంపౌండరు తమ్ముడు ముందే చెప్పాడు. కాగితం మీద మార్కు వేసి, పెన్ను పక్కన పెట్టి, డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి అన్నారు మావారు. నిర్ణయం మాదే అయింది. ఎవరో నెట్టితే తీసుకున్నది కాదు. అందుకు ఆవిడకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఆ కాంపౌండరు తమ్ముడికి కూడా. ముందురోజు సాయంత్రం ఇంటికి వచ్చి ఏమేం జరుగుతుందో దాచకుండా చెప్పాడు. మొదట మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, చిట్టి నిద్రలోకి వెళ్తుంది. తర్వాత ముందు కాలి నరంలోకి పెంటోబార్బిటాల్ అనే మందు ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు. కొన్ని క్షణాల్లోనే స్పృహ పూర్తిగా పోతుంది, తర్వాత ఊపిరి, ఆపైన గుండె ఆగుతాయి. కళ్లు మూసుకోవు. ప్రాణం పోయాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు అనిపించవచ్చు, కండరాలు అదరవచ్చు, మూత్రం పోవచ్చు. అప్పటికి దానికి ఏమీ తెలియదక్కా, కంగారు పడకండి అన్నాడు. ఆ రోజు నిజంగానే చిట్టి ఒకసారి గట్టిగా ఊపిరి తీసినట్టయింది. ముందే తెలియకపోతే ఇంకా బతికే ఉందనుకుని నేను ఏమైపోయేదాన్నో.

మా అమ్మాయిని ఉండమనాలా వద్దా అంటే, తననే అడగండి, చచ్చిపోతుందన్న విషయం దాచకండి అని డాక్టరమ్మ గారు అన్నారు. అడిగాం. అది చిట్టి మెడ పట్టుకుని కాసేపు కూర్చుని, వాళ్ల నానమ్మతో లోపలి గదిలోకి వెళ్లింది.

ఆఫీసులో నా పక్క సీటు చెల్లెలికి. రెండేళ్ల క్రితం తనూ ఇదే చేయాల్సి వచ్చింది. ఏ రోజు చేసినా ముందే చేశామేమో అనో, ఆలస్యం చేశామేమో అనో అనిపిస్తుంది, ఏదీ అనిపించని రోజంటూ రాదక్కా అంది. ఎన్నో ఓదార్పు మాటలు విన్నాను, రాత్రుళ్లు నాకు గుర్తొచ్చేది ఇదే.

పక్కింటి బాబాయి గారికి మరీ ముఖ్యంగా. ప్రాణం పోయలేనివాళ్లకి తీసే హక్కు ఎక్కడిదమ్మా అని మొదట్నుంచీ అడిగింది ఆయనే. ఆ మాట వల్లే మేం ఏ దశలోనూ తొందరపడలేదు. ఆయన మాట కాదని మేం వేరే నిర్ణయం తీసుకున్నా మొహం చాటేయలేదు. చిట్టికి చివర్లో ఇచ్చిన మందు పాతిపెట్టాక కూడా శరీరంలో చాలాకాలం ఉండిపోతుంది, వేరే జంతువులు తవ్వితే వాటి ప్రాణానికీ ముప్పే. అందుకని గొయ్యి లోతుగా తీయాలని తెలుసుకుని, పలుగు పట్టుకుని వచ్చి, మావారితో సమానంగా తవ్వారు.

కుక్కే కదా అనకుండా సెలవు ఇచ్చిన మా మేనేజర్ గారికి, అత్తయ్యను కనిపెట్టుకుని ఉన్న మా ఆడపడుచుకి, పేరుపేరునా చెప్పలేకపోయిన మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు.

విప్పని సెలైన్ సీసాలు, మిగిలిన మందులు క్లినిక్‌లో ఇచ్చేశాం, ఇంకో ప్రాణికి పనికొస్తాయంటే. మార్కుల పట్టిక కాపీలు నా దగ్గర ఉన్నాయి. మీ ఇంట్లో ముసలి కుక్కో పిల్లో ఉండి ఎటూ తేల్చుకోలేక ఉంటే మొహమాటపడకుండా ఫోన్ చేయండి. మీ డాక్టరు గారు సెలైన్ ఎక్కించమని చెప్పి ఉంటే, మొదటిసారి మీ పక్కన నేనుంటాను.